వాలు గారూ, మూడు వందల గుంటలూ

వాలు గారికి ఉన్నది ఒకే ఒక్క పట్టింపు. ఈ సృష్టిలో ఎక్కడ గుంట ఉన్నా సరే, అందులో దిగినవాడు తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ పైకి రావాలి. ఎగరకూడదు, గెంతకూడదు, ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు. సంతకి వెళ్లి వచ్చినంత మామూలుగా నడిచి రావాలి. అలా రావడానికి దారి లేదంటే, ఆ గుంట తవ్వినవాడు ఆయన లెక్కలో మనిషే కాదు.

ఇంత పట్టింపు ఉన్నాయన రోడ్లు వేసే చోట ఉంటే లోకానికి మేలు జరిగేది కదా అనిపిస్తుంది. పూర్వాశ్రమంలో ఆయన ఉన్నదీ అక్కడే. ఇరవై రెండేళ్లు మూడుకాళ్ల స్టాండు మీద దుర్భిణి బిగించి, ఒక కన్ను మూసుకుని నేల ఎత్తుపల్లాలు కొలిచారు. నలభై ఏడో ఏట మోకాళ్లు మొరాయిస్తే, కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఈ ఆఫీసులో తేలారు. ఇక్కడ కూడా ఆయనది నేల పనే. కాకపోతే ఈ నేల కంప్యూటర్లో ఉంటుంది. బ్రౌజరు తెరిచి లోపలికి వెళ్తే కొండలు, మైదానాలు కనిపిస్తాయి, వాటి మీద మన బదులు ఒక బొమ్మ నడుస్తుంది. మౌసు నొక్కితే గుంట పడుతుంది, ఇంకో మీట నొక్కితే దిబ్బ లేస్తుంది. ఒకరు తవ్వింది అక్కడున్న అందరికీ అప్పటికప్పుడు కనిపిస్తుంది. ఆయన అసలు పేరు జీతం కాగితం మీద ఉంది గాని, దాన్ని చదివేది ఆయనొక్కరే. మిగతా అందరికీ ఆయన వాలు గారు.

చేరిన రోజున లిఫ్టు ముందు నిలబడి బటన్ నొక్కకుండా చాలాసేపు ఆలోచించారట.

"మధ్యలో ఆగిపోతే లోపలివాడు ఎలా వస్తాడు?" అని కాపలా మనిషిని అడిగారు.

"ఫోన్ చేస్తే మనుషులొచ్చి బయటికి లాగుతారండీ."

"లాగడం కాదు బాబూ, వాడంతట వాడు ఎలా వస్తాడు?"

అప్పటినించీ వాలు గారు నాలుగంతస్తులూ మెట్లెక్కే వస్తారు. మోకాళ్లకి మందు మాత్రం రెండో అంతస్తులో ఆగి రాసుకుంటారు. ఆయన బల్ల కింద చెత్తబుట్టలో ఒక స్కేలు ఏటవాలుగా ఆనించి ఉంటుంది. ఎందుకండీ అని అడిగినవాళ్లకి ఆయన ఒక్కటే మాట చెబుతారు: "చీమలు."

ఒకసారి మీటింగులో బాసు తెర మీద ఒక గీత చూపించి, మన లోకంలోకి వచ్చే జనం మూడు నెలల్లో ఎలా పడిపోయారో చూడండని అందరినీ చివాట్లు పెడుతున్నాడు. అందరూ తలలు దించుకున్నారు. వాలు గారు మాత్రం ఒక కన్ను మూసి ఆ గీతకేసే చూసి, "మరీ నిటారుగా ఉంది సార్. ఇందులో దిగినవాడు ఎక్కడం కష్టం" అన్నారు. బాసు ఆ రోజు టీ తాగలేదు.

ఈ మహానుభావుడితో వేగే బాధ్యత లీడమ్మది. లీడమ్మ అంటే టీమ్‌కి లీడు. బాసు కింద, మిగతా ఏడుగురి పైన, అంటే అటూ ఇటూ నలిగే చోట కూర్చుంటుంది. ముప్పై నాలుగేళ్లకే ఆమె కుర్చీలోంచి లేచే తీరు చూస్తే డెబ్భై ఏళ్ల మనిషి గుర్తొస్తుంది. ఇంట్లో రెండున్నరేళ్ల కవలలు. ఒకడు పడుకుంటే రెండోవాడు లేస్తాడు. ఈ విషయంలో ఇద్దరి మధ్యా ఏదో రాతకోతలు జరిగినట్టే ఉంది. ఆఫీసులో ఏడుగురూ పడుకోరు, ఆమెని పడుకోనివ్వరు. వారంలో ఏ రోజైనా ఆమెకి బుధవారంలానే ఉంటుంది.

అయినా వాలు గారంటే ఆమెకి చచ్చేంత ఇష్టం. దానికి కారణం చిన్నదే. పొద్దున్న ఆమె తలుపు తీసిన దగ్గర్నించీ సెలవు కావాలని ఒకరు, కొత్త కుర్చీ కావాలని ఒకరు, ఇంకో రెండు రోజులు గడువు కావాలని ఒకరు వెంటపడతారు. ఇంటికెళ్తే నీళ్లు కావాలి, ఎత్తుకోవాలి, ఏనుగులా నడవాలి. ఆమెని ఏదీ కావాలని అడగని మనిషి ఈ భూమ్మీద వాలు గారొక్కరే. ఆయన అడిగితే గుంటల గురించే అడుగుతారు.

కాని ఆ గుంటలే ఈసారి పీకల మీదికి తెచ్చాయి.

పిల్లల గ్రంథాలయం వాళ్లు ఒక లోకం కట్టించుకున్నారు. శుక్రవారం పొద్దున్న పదింటికి మూడు వందల మంది పిల్లలు ఒక్కసారిగా అందులోకి వస్తారు. ఎవరికి తోచినట్టు వాళ్లు తవ్వుకుంటారు, కొండలు పోసుకుంటారు. గ్రంథాలయంలో ఉన్నవి ముసలి కంప్యూటర్లు. వాటి మీద కూడా నేల చటుక్కున తెగాలి, చటుక్కున లేవాలి. అయితే రెండేళ్ల కిందట వాలు గారు కోడ్‌లో ఒక నియమం పెట్టారు. ఎవరు గుంట తవ్వినా, ఆ మరుక్షణం దాని చుట్టూ నడిచి ఎక్కగలిగినంత వాలు దానంతటదే పడుతుంది. పూలకుండీ అంత గుంట తవ్వితే చుట్టూ ఆటస్థలమంత వాలు పడుతుంది. ఆ లెక్కంతా వేయడానికి కంప్యూటరు రెండు క్షణాలు కళ్లు తేలేస్తుంది. పక్కవాడు కూడా తవ్వితే రెండు వాలులూ కలిసి లోయ అవుతుంది.

నేల మీద గడ్డీ రాళ్లూ రంగులేసే రంగులమ్మాయి సోమవారం దాదాపు ఏడుస్తూ వచ్చింది.

"అక్కా, నిన్న ఒక బెంచీ వేశాను. ఇవాళ చూస్తే లేదు. వాలు గారి వాలులో జారి చెరువులోకి వెళ్లిపోయింది."

"తీసి మళ్లీ వెయ్యమ్మా."

"ఇది నాలుగో బెంచీ అక్కా."

మంగళవారం బాసు వచ్చాడు. బాసు మరీ చెడ్డవాడేం కాదు. ఎక్కడో ఏదో చదివి వచ్చి, మీటింగు గదిలో ఒక తెల్లబోర్డు పెట్టించాడు. దాని మీద ఎడమవైపు తప్పు, కుడివైపు ఆ తప్పు చేసిన మనిషి పేరు రాస్తారు. బాధ్యత తెలిసిరావడానికట. అక్కడ పేరు పడినవాళ్లకి బాధ్యత సంగతేమోగాని కడుపునొప్పి మాత్రం వస్తుంది. నెలలో మూడుసార్లు పేరు పడితే ఇక తన గదిలోకి పిలిచి మాట్లాడతాడు. అలా మాట్లాడించుకున్న ఇద్దరు ఇప్పుడు వేరే ఆఫీసుల్లో పని చేస్తున్నారు.

"శుక్రవారానికి వాలన్నా పోవాలి, వాలు గారన్నా పోవాలి" అన్నాడు బాసు. "ఏది పోతుందో మీరే తేల్చండి."

"ఆయన చాలా మంచి..."

"మంచివాడే. నేను కాదన్నానా? ఈ నెల బోర్డు మీద రెండుసార్లు ఉన్నాడు, మంచివాడు."

వాలు గారు పోతే ఈ ఆఫీసు ఎలా ఉంటుందో లీడమ్మ ఒక్క క్షణం ఊహించి చూసుకుంది. మిగిలినవన్నీ అవసరాలే, అడిగేవాళ్లే. నేరుగా వెళ్లి ఆయన బల్ల పక్కన కూలబడింది.

"బాబాయ్ గారూ, ఆ వాలు తీసేద్దామండీ."

"ఏ వాలమ్మా?"

"అన్నీ."

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "పిల్లలమ్మా. దిగినవాడు ఎలా ఎక్కుతాడు?"

"అది బొమ్మ గుంటండీ. మీట నొక్కితే బొమ్మ ఎగిరి పైకొస్తుంది."

"ఆ మీట ఎక్కడుందో తెలియనివాడో?"

"పక్కవాడు చెబుతాడు."

"పక్కవాడూ గుంటలోనే ఉంటేనో?"

"బాబాయ్ గారూ!" ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. "మిమ్మల్ని తీసేస్తానంటున్నాడండీ. అర్థమవుతోందా? మీరైనా పోవాలి, వాలైనా పోవాలి."

వాలు గారు ఆమె మొహంలోకి, కళ్ల కింద నల్లటి వలయాల్లోకి ఒకసారి చూశారు. ఏదో చెప్పబోయి ఆగారు. "అది తీస్తే వేరే ఇబ్బంది ఏదన్నా..." అని నసిగారు.

"ఏం ఇబ్బంది?"

"ఏం లేదులే. నాకు గురువారం మధ్యాహ్నం దాకా టైమియ్యి. ఏదో ఒకటి చేస్తాను."

గురువారం మధ్యాహ్నం అంటే ఆమెకి నమ్మకం కుదరలేదు. పట్టిన పట్టు వదలని మనిషి రెండు రోజుల్లో మారతాడంటే ఎలా నమ్మడం? పైగా గురువారం పొద్దున్నే గ్రంథాలయం వాళ్ల ముందు రిహార్సలు ఉంది. ఆయనకీ ఓ అలవాటుంది. రోజూ మధ్యాహ్నం రెండు నించి మూడు దాకా తన బొమ్మతో ఆ నేలంతా ఈ చివరినించి ఆ చివరిదాకా నడుస్తారు. ఒక్క వేలితో ఒక్క మీట నొక్కుతూ, దారిలో ఎవరు పలకరించినా వినకుండా వెళతారు. బుధవారం ఆయన అలా నడకలో ఉండగా లీడమ్మ తన కంప్యూటర్లో వాలు నియమం ముందు రెండు గీతలు గీసింది. అలా గీస్తే ఆ లైను ఉన్నా లేనట్టే. గురువారం పొద్దున్నించీ అమల్లోకి వచ్చేలా పెట్టి, సాయంత్రం ఆయనకేసి చూడకుండా ఇంటికెళ్లిపోయింది. తప్పు చేసినట్టే అనిపించింది. అయినా ఆయన ఉద్యోగం నిలుస్తుంది కదా అని సర్దిచెప్పుకుంది.

గురువారం పదకొండింటికి రిహార్సలు. ఆఫీసులో తొమ్మిది మందీ తమ తమ బొమ్మలతో లోపలికి వెళ్లారు. బాసు బొమ్మకి పసుపు టోపీ ఉంటుంది, ఎక్కడున్నా కనబడాలని. గ్రంథాలయం మేడం ఫోన్లో ఉంది. మొదటి గుంట బాసే తవ్వాడు. నేల వెన్నలా తెగింది. వాలు లేదు, ఆలస్యం లేదు.

"ఇదీ స్పీడంటే!" అని బాసు లీడమ్మ వైపు చూసి తలూపాడు. తరవాత ఫోన్లోకి, "మేడం, నేల ఎంత గట్టిగా ఉందో చూశారా? నేనిప్పుడు దాని మీదే నిలబడి ఉన్నాను" అంటూ బొమ్మని ఒక్క అడుగు వెనక్కి వేయించాడు.

బొమ్మ నేలలోకి దిగబడిపోయింది. పసుపు టోపీ ఒక్క క్షణం అక్కడే ఆగి, తరవాత బయల్దేరింది.

తెర మూలన ఎత్తు చూపించే అంకె ఉంటుంది. అది మైనస్ నలభై అయింది, నాలుగు వందలయింది, నాలుగు వేలయింది. బాసు పడుతూనే ఉన్నాడు.

"సార్, మీరు కనబడటం లేదండీ" అంది మేడం.

"ఇక్కడే ఉన్నానండీ. కొంచెం... కింద ఉన్నాను."

రంగులమ్మాయి సాయం చేద్దామని పరిగెత్తి తనూ పడింది. ఆమె వెనకాల ఐదో బెంచీ పడింది. బెంచీ పట్టుకుందామని వెళ్లిన ఇద్దరు కుర్రాళ్లు పడ్డారు. ఎవరు ఎక్కడ తవ్వినా నేలకి సన్నటి చీలిక వస్తోంది, దాని మీద అడుగు పెట్టినవాడు అడుగన్నదే లేని చీకట్లోకి పోతున్నాడు. లీడమ్మ బొమ్మ కూడా పడిపోయింది. పడిపోతూ ఆమె ఒక్క విషయం గమనించింది. వాలు గారి బొమ్మ మాత్రం నిలబడే ఉంది. ఎటూ కదలకుండా, చీలిక రావడానికి వీల్లేని చోటు చూసుకుని మరీ నిలబడి ఉంది.

బాసు మేడంకి ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేసి, అందరినీ మీటింగు గదిలోకి పిలిచాడు. మార్కరు మూత తీశాడు. ఎడమవైపు 'నేల చీలిక' అని రాశాడు.

"ఎవరిది?"

వాలు తీసేసింది తనే కాబట్టి లీడమ్మ నోరు తెరవబోయింది. అంతలో వాలు గారు చెయ్యెత్తారు, బడిలో పిల్లాడిలా.

"నాదే సార్."

"మీ వాలు తీసేశారుగా? ఇంక మీదేమిటి?"

"దాని కింద నేనే సరిగ్గా కట్టలేదు సార్."

బాసు కుడివైపు ఆయన పేరు రాశాడు. ఈ నెలలో అది మూడోసారి. "సాయంత్రం ఆరింటికి నా గదికి రండి" అని వెళ్లిపోయాడు.

లీడమ్మ తన కుర్చీలో కూర్చుంది. ఫోన్ మోగింది. చిన్నవాడు నిద్రపోవడం లేదని భర్త చెబుతున్నాడు. "వాణ్ని పెద్దవాడి పక్కన పడుకోబెట్టండి, ఏమైతే అదవుతుంది" అని పెట్టేసింది. చీలిక ఎందుకు వస్తోందో ఆరింటిలోపు తేల్చాలి. ఆయన తప్పు చిన్నదైతే చిన్నదేనని బాసుకి చూపించి కాళ్లావేళ్లా పడవచ్చు.

నేలంతా నిజానికి పలకలు పలకలుగా ఉంటుంది. పక్కపక్క పలకలు రెండూ ఒకే అంచు పంచుకుంటాయి. ఒక పలక అంచు కిందికి దిగితే, రెండో పలకకి కూడా ఆ కబురు అంది, అది కూడా అంతే దిగాలి. దిగకపోతే మధ్యలో సందు వస్తుంది. ఆమె వెతుక్కుంటూ వెళ్లింది. కబురు పంపాల్సిన లైను ఉండాల్సిన చోట లేదు. తొందరలో మరిచిపోయినట్టు, అసలు రాయనే లేదు. ఆ చుట్టుపక్కల లైన్లు ఎవరు రాశారో చూసింది. రెండేళ్ల కిందటి తారీకు, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. పక్కన ఉన్నది ఆమె పేరే.

అప్పుడు కవలలకి అయిదు నెలలు. కొత్తగా లీడుని చేశారు. ఆమెకి ఆ పదవి తగునా తగదా అని బాసు వారం వారం బోర్డుకేసి చూసి తేల్చుకుంటున్న రోజులవి.

తరవాత వాలు గారి వాలు నియమం తెరిచింది. ఆ ఫైలు ఇన్నాళ్లలో ఎవరూ తెరిచి చదివి ఎరగరు. ఎందుకంటే ఆయన పది లైన్ల కోడ్‌కి యాభై లైన్ల వివరణ రాస్తారు, పాత సర్వే రిపోర్టు ధోరణిలో, ఆనాటి ఎండా గాలీ సహా. లీడమ్మ మొదటిసారి ఓపిగ్గా చదివింది. తారీకు మరుసటి రోజుదే, బుధవారం.

'పలకల అంచు దగ్గర చీలిక ఉన్నది. అసలు చోట సరిచేయుటకు ఒక్క లైను చాలును. కాని సరిచేసినచో బోర్డు మీద పేరు పడును. ఆ అమ్మాయికి ఇప్పుడు పేరు కన్న నిద్ర అవసరము. వాలు వేసినచో రెండు పలకల అంచులూ కలిసి, చీలిక దానంతటదే పూడును. ఎవరైనా ఎందుకని అడిగినచో నా పిచ్చి అని చెప్పవలెను. నమ్ముదురు.'

అందరూ నమ్మారు. అందరికన్నా ముందు లీడమ్మే నమ్మింది. రెండేళ్లుగా ఆయన్ని ఆటపట్టించినవాళ్లలో ముందు వరస ఆమెదే. ఆమెకి సిగ్గేసింది, కోపమొచ్చింది, ఈ రెండింటికన్నా ఎక్కువగా ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది. లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన డ్రాయర్లోని సామాన్లు సర్దుకుంటున్నారు.

"నాతో ఒక్క మాట చెబితే ఏం పోయిందండీ?"

ఆయనకి అర్థమైపోయింది. దొంగలా చూశారు. "చదివేశావా?"

"చదివాను. చెప్పొచ్చుగా!"

"చెబుదామనే వచ్చానమ్మా ఆ రోజు. నువ్వు కీబోర్డు మీద తల పెట్టుకుని నిద్రపోతున్నావు. నీ నుదురు ఏదో మీట మీద పడి, తెర మీద ఒకే అక్షరం పరిగెడుతోంది. పదకొండు వందల లైన్లు."

"ఏం చేశారు?"

"తల కింద తువ్వాలు పెట్టి, కీబోర్డు లాగేసి, ఆ పదకొండు వందలూ తుడిచేశాను. ఆ తుడవడంలో పొరపాటున నీ మంచి లైను కూడా పోయిందేమోనని నాకిప్పటికీ అనుమానమే. కాబట్టి తప్పు నాదేనన్నది అబద్ధం కూడా కాదు."

"ఆ లైను నేను రాయనే లేదండీ. చూశాను."

"అయితే మరీ మంచిది. నా మనసు తేలికపడింది."

లీడమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు రావాలో తెలియక పక్కనున్న కుర్చీలో కూర్చుంది. "మొన్నయినా చెప్పొచ్చుగా, వాలు తీసేయమన్నప్పుడు."

"ఇవాళ మధ్యాహ్నం బాసు బయటికెళ్లాల్సింది. అప్పుడు చడీచప్పుడూ లేకుండా ఆ ఒక్క లైనూ పెట్టేసి, వాలు తీసేద్దామనుకున్నాను. నువ్వు బుధవారమే తీసేశావు. ఇంత అలిసిపోయిన మనిషివి అంత చురుగ్గా ఉంటావని నేననుకోలేదు."

ఆమె వెనక్కి వెళ్లి ఆ ఒక్క లైనూ రాసింది. రాయడానికి నిమిషం పట్టలేదు. నేల మళ్లీ తవ్వి చూసింది, పాతికచోట్ల, అంచుల మీదే ఏరి ఏరి తవ్వింది. ఎక్కడా చీలిక లేదు. నేరుగా మీటింగు గదిలోకి వెళ్లింది. బోర్డు మీద ఆయన పేరు అరచేత్తో తుడిచేసి, అక్కడ తన పేరు రాసి, పక్కన తారీకు కూడా వేసి, బాసుని పిలుచుకొచ్చింది.

"ఇదేమిటి? మీ పేరేమిటి?"

"తప్పు నాది సార్. రెండేళ్ల కిందటిది. రెండేళ్లుగా నేలని చీలిపోకుండా పట్టుకుని నిలబెట్టింది ఆ వాలే."

"మరి ఆయన తనదన్నాడే?"

"ఆయన అలాగే అంటారు సార్. మీరు అడిగితే ఆ పసుపు టోపీ తప్పు కూడా తనదే అంటారు."

బాసు ఎనిమిది వేల మీటర్లు పడిన మనిషి కాబట్టి కాస్త మెత్తబడే ఉన్నాడు. "రేపు పదింటికి నేల నిలబడుతుందా?"

"నిలబడుతుంది."

"ఆరింటికి ఆయన నా గదికి రానక్కర్లేదని చెప్పండి" అని, మార్కరు జేబులో పెట్టుకుని పోయాడు. బోర్డు మీద రాయడానికి ఆ తరవాత ఎవరికీ మార్కరు దొరకలేదు.

వాలు మాత్రం పోలేదు. సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని దాన్ని కుదించారు. ప్రతి గుంటకీ కాదు, గుంటలో మనిషి ఉండి, ఎక్కలేక తడుముకుంటుంటే, ఆ ఒక్కరి ముందు ఒక్క పక్క మాత్రం దారి పడుతుంది. దానికి కంప్యూటరు కనురెప్ప వేసినంతసేపు కూడా తీసుకోదు. వాలు గారు ఈ బేరానికి ఒప్పుకోవడానికి మాత్రం గంటన్నర తీసుకున్నారు.

శుక్రవారం పదింటికి మూడు వందల మంది పిల్లలు బిలబిలమంటూ లోపలికి వచ్చారు. పదిన్నరకి మూడు వందల గుంటలు లెక్క తేలాయి. నేల చీలలేదు, ఒక్కరూ పడలేదు, బెంచీ చెరువులోకి వెళ్లలేదు. ఫోన్లో గ్రంథాలయం మేడం సంతోషంతో ఉక్కిరిబిక్కిరవుతోంది. అయితే ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. పిల్లలు గుంటలు తవ్వుకుని, అందులో దిగి, హాయిగా కూర్చున్నారు. ఒక్కడూ పైకి రాలేదు.

వాలు గారి బొమ్మ ఒక పెద్ద గుంట గట్టు మీద నిలబడి తెగ కంగారు పడింది. 'బాబూ, దారి ఇటు పక్కన ఉంది' అని ఆయన ఒక్క వేలితో రాశారు.

కిందినించి జవాబు వచ్చింది: 'దారి వద్దు తాతా. ఇది మా ఇల్లు.'

'ఎక్కిరావాలనిపిస్తేనో?'

'అనిపించడం లేదు. నువ్వే రా. చెప్పులు బయట విడువు.'

వాలు గారు మీటలన్నీ వెతికారు. బొమ్మకి చెప్పులు విప్పే మీట లేదు. సోమవారానికల్లా పెడతానని పిల్లలకి మాటిచ్చి, తన జీవితంలో మొదటిసారి, ఎలా ఎక్కాలో చూసుకోకుండా గుంటలోకి దిగారు. లీడమ్మ ఆయన భుజం మీదుగా చూసి పగలబడి నవ్వింది. అలా నవ్వి చాలా కాలమైంది కాబట్టి నవ్వయ్యాక కళ్లు తిరిగాయి.

"ఇంక నేను చూసుకుంటాలే అమ్మా" అన్నారు వాలు గారు. "మీటింగు గది ఖాళీగా ఉంది. మూడు కుర్చీలు కలిపి పెట్టాను. పో."

వద్దనే ఓపిక కూడా ఆమెకి లేదు. వెళ్లి ఆ కుర్చీల మీద ఒరిగింది. బయట తలుపుకి ఎవరో కాగితం అంటిస్తున్న చప్పుడయింది. కళ్లు మూతలు పడుతుండగా, కాసేపటికి బాసు గొంతు వినిపించింది.

"మీటింగు జరుగుతోందని రాసి ఉందే? లోపల ఎవరు?"

"లీడమ్మ సార్" అన్నారు వాలు గారు.

"ఎవరితో మీటింగు?"

"రెండున్నరేళ్లుగా ఈవిడకి అపాయింట్‌మెంట్ దొరకని మనిషితో సార్. ఇవాళే కుదిరింది."

బాసు గొంతు తగ్గించాడు. "పెద్దవాళ్లా?"

"చాలా పెద్దవాళ్లు. మీరు తలుపు తీస్తే లేచి వెళ్లిపోతారు. మళ్లీ దొరకరు."

"అయ్యో, వద్దొద్దు. ఎంతసేపు పడుతుంది?"

"మాటలు ఇప్పుడే మొదలయ్యాయి సార్. సాయంత్రం దాకా పట్టొచ్చు. మీకేమన్నా కావాలంటే నన్నడగండి."

బాసు చప్పుడు చేయకుండా మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లడం ఆమెకి వినిపించింది. పెద్దగా నవ్వాలనిపించింది గాని, నవ్వితే మెలకువ వస్తుందని భయమేసింది. లేచాక నవ్వుకుందాంలే అనుకుని, అటు తిరిగి పడుకుంది.